కిటికీ వైపు తిరిగిన కుర్చీ

కామా కీని మూడోసారి నొక్కినప్పుడు గానీ ఆ కుర్చీ నేననుకున్నట్టు కిటికీ వైపు తిరగలేదు. సిమ్స్ 4 అనే కంప్యూటర్ ఆటలో, ఇల్లు కట్టి సామాన్లు సర్దే బిల్డ్ మోడ్‌లో ఒక్కో నొక్కుకు వస్తువు 45 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, గది మూల నుంచి వెలుతురును చూసేలా అది ఏటవాలుగా నిలబడింది. ఎంత హాయిగా అనిపించిందో!

అదే ఉత్సాహంతో, ఆల్ట్ కీ పట్టుకొని గళ్ల లెక్కను వదిలేసి, కంప్యూటర్ బల్ల దగ్గరి కుర్చీని కూడా కాస్త వాలుగా తిప్పాను. చూడటానికి ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఎంతో సహజంగా ఉంది. ఆట మొదలుపెట్టగానే మాత్రం నా సిమ్, అంటే ఆటలో నేను నడిపించే మనిషి, అక్కడ కూర్చోలేక, చేతులు ఊపుతూ నిలబడిపోయింది. బల్లకు ఎదురుగా సరిగ్గా అమరితేనే ఆ కుర్చీ పనికొస్తుంది.

1991లో అమెరికాలోని ఓక్లాండ్‌ను కాల్చేసిన మంటల్లో ఇల్లు పోగొట్టుకున్న ఆట రూపకర్త విల్ రైట్‌కు, సామాన్లన్నీ మళ్లీ సమకూర్చుకుంటున్న రోజుల్లోనే 2000లో ది సిమ్స్‌గా వెలువడిన ఈ ఆట ఆలోచన మొలకెత్తిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

బల్ల దగ్గరి కుర్చీని తిన్నగా సర్దాను. కిటికీ దగ్గరిదాన్ని మాత్రం కదపలేదు. సిమ్ ఇప్పుడు అందులోనే కూర్చుని పుస్తకం చదువుకుంటోంది.