ఐసెట్‌లో నన్ను గట్టెక్కించిన ‘కనీసం ఒకటి’

మొన్న ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ ఫలితాలు వచ్చాయి, రెండో ప్రయత్నంలో నాకు మూడంకెల ర్యాంకు దక్కింది. ఐసెట్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు పుస్తకాల జాబితా ఇవ్వడం కన్నా, నిరుడు నన్ను దెబ్బతీసి ఈ ఏడు నిలబెట్టిన ఒక్క భావన గురించి చెప్పడమే మేలనుకుంటున్నాను.

150 నిమిషాల్లో 200 ప్రశ్నలంటే ఒక్కోదానికి 45 సెకన్లే. నెగెటివ్ మార్కులు లేవన్న ధీమాతో నిరుడు సంభావ్యతను బట్టీ సూత్రాలతోనే నెట్టుకొచ్చాను. రెండు పాచికలు వేస్తే కనీసం ఒకదానిపై 6 పడే సంభావ్యత ఎంత అని మాక్ టెస్టులో అడిగితే, 1/6కు 1/6 కలిపి 1/3 అని గుర్తించాను. ‘కీ’ చూసి తప్పని తెలుసుకున్నానే గాని, ఎందుకు తప్పో వెతకలేదు. తర్కంలోని ప్రవచనాల్లోనూ, అంటే నిజమో అబద్ధమో తేల్చగల వాక్యాల్లోనూ, ఇదే తీరు: ‘విద్యార్థులందరూ ఉత్తీర్ణులయ్యారు’ అన్నదానికి నిషేధం, అంటే దాన్ని కాదనే వాక్యం, ‘ఉత్తీర్ణులు కానివారు కనీసం ఒక్కరున్నారు’ అయితే, నేను ‘ఎవరూ ఉత్తీర్ణులు కాలేదు’ అని పెట్టాను.

ఈ రెండు తప్పులకూ మూలం ఒక్కటేనని, అది ‘కనీసం ఒకటి’ అంటే ఏమిటో పట్టుకోకపోవడమేనని ఫిబ్రవరిలో ఒక రాత్రి 36 గడుల పట్టిక గీసినప్పుడు తెలిసింది. మొదటి పాచికపై 6 పడే అడ్డవరుసను, రెండోదానిపై 6 పడే నిలువువరుసను పెన్సిలుతో నింపుతుంటే, రెండూ కలిసే మూలగడిలో పెన్సిలు రెండుసార్లు పడింది. అంటే నిండినవి 12 కాదు, 11; జవాబు 11/36. మిగిలిన 25 తెల్లగడులే ‘ఒక్కటీ 6 కాదు’ అనే పూరక ఘటన, అంటే అడిగినది జరగని సందర్భాలన్నీ. ‘పి లేదా క్యూ’కు నిషేధం ‘పి కాదు, క్యూ కూడా కాదు’ అని, ప్రవచనాల నిజానిజాలు చూపే సత్యపట్టికలో అన్నాళ్లూ వల్లెవేసిన డిమోర్గాన్ సూత్రం ఆ తెల్లగడుల్లోనే ఉంది.

ఆ తర్వాత 5 ఎర్రబంతులు, 3 నల్లబంతులు ఉన్న సంచిలోంచి తిరిగి వేయకుండా రెండు తీస్తే కనీసం ఒకటి నల్లది కావాలన్న లెక్కకు, రెండూ ఎర్రవయ్యే 5/8 × 4/7, అంటే 5/14ను 1లోంచి తీసేసి 9/14 అనడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఇచ్చిన సమాచారం జవాబుకు చాలుతుందా అని అడిగే డేటా సఫిషియెన్సీకి, కమ్యూనికేషన్ ఎబిలిటీకి చివరి నెలలో పాత పేపర్లే సరిపోయాయి. కోచింగ్ మానేసి ఇంట్లో కూర్చున్నానని బంధువులు అన్న మాటలు నన్ను బాధించాయి. కానీ తప్పిన ప్రతి లెక్కనూ పట్టిక గీసి చూసేదాకా ఏ రోజూ పుస్తకం మూయలేదు. ఆ క్రమశిక్షణ ఎవరికి వారే అలవరచుకోవాలి.

ఒక్క జాగ్రత్త: ప్రశ్నలో ‘కనీసం’ ఉందా, ‘సరిగ్గా’ ఉందా చూసుకోండి. సరిగ్గా ఒకదానిపైనే 6 పడాలంటే ఆ మూలగడి కూడా పోయి 10/36 అవుతుంది.