ఒక కామా, మూడు కొలువులు

జర్మనీ వెళ్లి 11 ఏళ్లయింది. ఈసారి సెలవులకు తార్నాకలో అక్క వాళ్లింట్లో దిగాను. రాత్రి భోజనాలయ్యాక మేనకోడలు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మామా, మా ఆఫీసుల రెండు ఊర్ల టెంపరేచర్ ఒక్క గ్రాఫ్ మీద గీయమన్నరు. హైదరాబాద్‌ది మంచిగనే వస్తున్నది. మీ జర్మనీది చూడు, మెట్లు మెట్లుగ ఎక్కుతున్నది. సెన్సర్ ఖరాబయిందంటవా?"

ఆ మెట్లు నాకు తెలుసు. అక్కడ నా మొదటి చలికాలంలో సరిగ్గా ఇలాంటివాటితోనే రెండు రోజులు కుస్తీ పట్టాను. పరికరాన్ని అనుమానించాను, కేబుళ్లు మార్చాను. కొత్తవాణ్ణి, ఎవరినైనా అడగాలంటే మొహమాటం. చివరికి పక్క సీటాయన ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి వేలు పెట్టి చూపించాడు: 21,7. అక్కడ దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. గ్రాఫులు గీసే ప్రోగ్రాం గ్నూప్లాట్ 21 వరకు చదివి, కామా దగ్గర ఆగి, మిగతాది వదిలేసింది. 21,1 నుంచి 21,9 దాకా అన్నీ 21 అయ్యాక గీత మెట్లుగా కాక ఇంకెలా వస్తుంది? ఎర్రర్ ఒక్కటీ రాలేదు. నన్ను భయపెట్టింది అదే.

కొట్లో రొట్టె ధర 2,49 అని రోజూ చూస్తూనే ఉన్నా, ఫైల్లో అదే కామా కనబడితే తట్టలేదు. వేలకు అక్కడ చుక్క: 1.250 అంటే పన్నెండు వందల యాభై. ఇక్కడ అక్క పాస్‌బుక్కులో 1,25,000 అని లక్షలు విడదీసేది కామాయే. పట్టికను మామూలు టెక్స్ట్‌గా దాచే సీఎస్‌వీ ఫైల్లో కాలమ్‌లను విడదీసేదీ అదే. జర్మన్ సెట్టింగులున్న ఎక్సెల్‌లో కామా దశాంశానికి పోతుంది కాబట్టి కాలమ్‌ల మధ్య సెమికోలన్ పడుతుంది. అందులో ఎవరి పొరపాటూ లేదు.

1986లో మొదటిసారి వచ్చిన గ్నూప్లాట్ ఏమీ చెప్పకపోతే కాలమ్‌ల మధ్య ఖాళీ ఉందనే అనుకుంటుంది. 'సెట్ డేటాఫైల్ సెపరేటర్' అని రాసి, విడదీసే గుర్తు ఏదో చెప్పాలి. ఆ మాట తర్వాత చదివే ఫైళ్లన్నింటికీ వర్తిస్తుంది. మేనకోడలు ఒక్కో ఫైలుకు ఒక్కోసారి మార్చి గీస్తోంది, అందుకే రెండూ ఒకే గ్రాఫ్ మీదికి రావడం లేదు.

"కామా, సెమికోలన్ రెండూ ఒకే కోట్స్‌లో పెడితే?" అంది.

పెట్టొచ్చు, రెండింటినీ ఒప్పుకుంటుంది. కానీ అప్పుడు 21,7 కూడా చీలి 21 ఒక కాలమ్, 7 ఇంకో కాలమ్ అవుతాయి. మెట్లు అలాగే ఉంటాయి.

తన లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. సెపరేటర్ కామాగానే ఉంచి, జర్మనీ ఫైలు పేరు ఉన్న చోట కోట్స్‌లో ముందు '<' గుర్తు పెట్టి ఒక అక్షరం బదులు ఇంకోటి పెట్టే 'టీఆర్' కమాండ్ రాయించాను: కామా వస్తే చుక్క, సెమికోలన్ వస్తే కామా. చదివేటప్పుడే మారుతుంది, అసలు ఫైలు మీద చెయ్యి పడదు. ఆ అసలు ఫైలును ముట్టకపోవడం నాకు చాలా ముఖ్యం. వేలకు చుక్కలుంటే ముందు వాటిని తీసేయాలి. ఇందులో లేవు.

ఎంటర్ కొట్టింది. మెట్లు పోయాయి. రెండు గీతలు, పైన హైదరాబాద్, కింద జర్మనీ, నున్నగా.

తర్వాత హైదరాబాద్ ఫైలు తెరిచి, మొదటి వరుసలో # పెట్టి, గ్నూప్లాట్ ఆ వరుసను వదిలేస్తుందిలే అంటూ, అక్కడివాళ్ల కోసం రాసింది: కాలమ్‌ల మధ్య కామా, దశాంశానికి చుక్క.