పానగల్లు ఫొటోలకు చోటు వెతుకుతూ: నా వర్డ్‌ప్రెస్ హోస్టింగ్ లెక్కలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గుళ్లు, శాసనాలు, బురుజుల ఫొటోలు పెట్టే నా సైటుకు హోస్టింగ్, అంటే సైటు ఫైళ్లు ఉంచే కంప్యూటర్ (సర్వర్) అద్దె, గడువు దగ్గరపడింది. రెన్యువల్ బిల్లు మొదట చేరినప్పుడు కట్టినదానికి దాదాపు మూడు రెట్లు వచ్చింది. ఆ కంపెనీ పేరుతో పని లేదు, ఈ వ్యాపారంలో చాలామంది పద్ధతి ఇదే. మొదటి గడువుకు తగ్గింపు ధర, ఆ తర్వాత అసలు ధర. అసలు ధరను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ముందే రాస్తారు కూడా. అందుకే ఈసారి కంపెనీలను పోల్చేటప్పుడు పెద్ద అక్షరాల ధరను పక్కన పెట్టి, రెండో గడువు ధరకు 18 శాతం జీఎస్టీ కలిపి, ఆ అంకెనే నోటుబుక్కులో రాసుకున్నాను. అలా రాసుకుంటే చవకవాటికి, ఖరీదైనవాటికి మధ్య కనిపించే దూరం చాలా తగ్గిపోతుంది.

ముందు నా సైటు అవసరం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఎంపిక మొత్తం దాని మీదే ఆధారపడింది. శాసనం ఫొటో మామూలు ఫొటో లాంటిది కాదు. నల్లగొండ పక్కన పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయాన్ని ఆనుకుని ఉన్న మ్యూజియంలోని రాళ్ల మీద కొన్ని అక్షరాలు ఎంతగా అరిగిపోయాయంటే, వెలుగు ఏటవాలుగా పడితే తప్ప కనబడవు. ఒకే రాయిని నాలుగైదు కోణాల్లో, పెద్ద సైజులో తీయాలి. చదివేవారు ఒక్కో అక్షరాన్నీ పెద్దది చేసి చూసుకోగలగాలి. ఫొటో చిన్నదైతే ఆ పేజీ ఉండీ ప్రయోజనం లేదు.

నా సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. అందులో అలాంటి ఒక్క ఫొటో ఎక్కిస్తే ఏమవుతుందో చూడండి. అది దానంతట అదే 150, 300, 768, 1024, 1536, 2048 పిక్సెళ్ల సైజుల్లో ఆరు నకళ్లు తయారు చేస్తుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి, ఫొటో 2560 పిక్సెళ్లు దాటితే ఆ కొలతకు కుదించిన ఇంకో నకలు కూడా చేసి పెడుతుంది. అసలు ఫొటోతో కలిపి ఎనిమిది ఫైళ్లు. థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే ఏర్పాటు) సొంత సైజులు అడిగితే ఇంకా పెరుగుతాయి. అంటే వెయ్యి ఫొటోలకు కనీసం ఎనిమిది వేల ఫైళ్లు. ‘అపరిమిత స్థలం’ అనే మాటకు అసలు పరీక్ష ఇక్కడే. స్థలానికి హద్దు లేదని చెప్పే చాలా పథకాల్లో ఫైళ్ల సంఖ్యకు హద్దు ఉంటుంది. దాన్ని ఐనోడ్ పరిమితి అంటారు. అమ్మకం పేజీలో కనిపించకపోతే సేవా షరతుల్లో వెతకండి. స్థలం సగం కూడా నిండకముందే ఐనోడ్‌లు అయిపోతే కొత్త ఫొటో ఎక్కదు, కొన్నిచోట్ల బ్యాకప్ కూడా ఆగిపోతుంది. చిత్రాలు ఎక్కువగా ఉన్న సైటువాళ్లు మొదట చూడవలసింది ఈ అంకెనే.

తర్వాతది సర్వర్ ఎక్కడుందన్న ప్రశ్న. ఇది దూరానికి సంబంధించిన లెక్క. గాజు తీగలో వెలుతురు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. మన దగ్గర నుంచి అమెరికాకు పోయి రావడానికి ఆచరణలో 200 మిల్లీసెకన్లు దాటుతుంది. సురక్షితమైన పేజీ తెరవాలంటే మొదటి పలకరింపుకు ఒకసారి, సమాచారాన్ని రహస్యంగా ఉంచే తాళాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి, మొత్తం కనీసం మూడుసార్లు పోయి రావాలి. మొదటి అక్షరం కూడా రాకముందే అర సెకను పైన అక్కడే గడిచిపోతుంది. అదే సర్వర్ ముంబైలో ఉంటే ఒక్కో రాకపోకకు ఇరవై, ముప్పై మిల్లీసెకన్లు చాలు. నల్లగొండ ఇంట్లో ఫైబర్ కనెక్షన్ మీద ఈ తేడా అంతగా తెలియదు. దేవరకొండ దాటి నల్లమల వైపు వెళ్తూ, సిగ్నల్ ఒక గీత మీద ఉన్న ఫోనులో తెరిచి చూడండి, అప్పుడు తెలుస్తుంది. నా పాఠకుల్లో ఎక్కువమంది ఆ ఊళ్లవాళ్లే. తమ ఊరి గుడి పేజీని తమ ఊళ్లోనే తెరుచుకోలేకపోతే నేను ఎవరి కోసం రాస్తున్నట్టు?

అమెజాన్ తన రెండో భారతీయ డేటా సెంటర్ల సముదాయాన్ని 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తెరిచింది. అయినా నాలాంటి చిన్న సైట్లకు చవక పథకాలు అమ్మే కంపెనీల జాబితాల్లో భారతదేశం అంటే ఎక్కువగా కనిపించేది ముంబై. సర్వర్లు అద్దెకిచ్చే డిజిటల్ ఓషన్‌కు 2016 నుంచి బెంగళూరులో కేంద్రం ఉంది. ఏదైనా మనకు చాలు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కొనేటప్పుడు సర్వర్ ప్రాంతం ఎంచుకునే పెట్టె వస్తుంది. అక్కడ మనం చూసుకోకుండా ముందుకు పోతే అమెరికానో యూరప్‌నో ఖాయమైపోవచ్చు. డాలస్‌లోనో దుబాయిలోనో ఉన్న మనవాళ్ల కోసం, సైట్ల నకళ్లను ప్రపంచమంతటా తన సర్వర్లలో ఉంచే క్లౌడ్‌ఫ్లేర్ సేవ ఉచిత పథకం పెట్టుకుంటే, ఫొటోల నకళ్లు వాళ్లకు దగ్గరలోని సర్వర్ల నుంచి అందుతాయి.

ఇక కంపెనీలు. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, బిగ్‌రాక్ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే వ్యాసాలు చాలా చదివాను. ఆ మూడూ న్యూఫోల్డ్ డిజిటల్ అనే ఒకే సంస్థ చేతిలోవని వాటిలో చాలావరకు చెప్పవు. ఒకే యజమాని బ్రాండ్లలో ఒకదాని నుంచి ఇంకోదానికి మారి చాలా సాధించామనుకోవడం సరికాదు. పైగా అలాంటి వ్యాసాల్లో చాలా వాటి లింకుల మీద రాసినవాళ్లకు కమిషన్ వస్తుంది. కమిషన్ తీసుకోవడం తప్పని అనను, కానీ ఆ సంగతి పాఠకుడికి తెలియాలి. ఈ పోస్టులో అలాంటి లింకు ఒక్కటీ లేదు.

సైట్‌గ్రౌండ్ బల్గేరియా సంస్థ, 2004 నుంచి ఉంది. సాంకేతిక సహాయానికి మంచి పేరున్న సంస్థ, కానీ రెన్యువల్ ధర నా నోటుబుక్కు దాటిపోయింది. కిన్‌స్టా, డబ్ల్యూపీ ఇంజిన్ లాంటివి వర్డ్‌ప్రెస్ కోసమే ప్రత్యేకంగా నడిచేవి. అప్‌డేట్లు, బ్యాకప్‌లు, భద్రత అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఆదాయం తెచ్చే సైటైతే ఆ డబ్బుకు తగిన పని చేస్తాయి. కానీ డబ్బు ఎక్కువ కట్టినంత మాత్రాన అన్నీ మన చేతిలో ఉంటాయనుకోకూడదు. 2024 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ సహ సృష్టికర్త మాట్ ముల్లెన్‌వెగ్‌కు, డబ్ల్యూపీ ఇంజిన్‌కు మధ్య ట్రేడ్‌మార్క్ గొడవ ముదిరి, ఆ కంపెనీ సర్వర్లకు వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి ప్లగిన్ల (సైటుకు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాముల) అప్‌డేట్లు రావడం ఆగిపోయింది. డిసెంబరులో అమెరికా కోర్టు ఉత్తర్వు ఇచ్చాకే ఆ దారి మళ్లీ తెరుచుకుంది. పెద్దల తగాదాలో నలిగినవాళ్లు సైట్ల యజమానులు.

డిజిటల్ ఓషన్‌లో నెలకు ఆరు డాలర్లకు ఒక జీబీ మెమరీతో సొంత వర్చువల్ సర్వర్ (పెద్ద సర్వర్‌లో మనకే కేటాయించిన భాగం) వస్తుంది. రెన్యువల్ మాయ ఏమీ లేదు, చేరేటప్పుడు ఒక ధర, తర్వాత ఇంకో ధర అని ఉండదు. ఈ నిజాయితీ నాకు బాగా నచ్చింది. కానీ లినక్స్ అప్‌డేట్ల దగ్గర నుంచి డేటాబేస్ ఆగిపోతే తిరిగి లేపడం దాకా మనమే చేసుకోవాలి. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు గుళ్ల చుట్టూ తిరిగే నాకు ఆ తీరిక లేదు. ఇంట్లో కంప్యూటర్ పని తెలిసిన తమ్ముడో మేనల్లుడో ఉంటే అదే మంచి ఎంపిక అంటాను.

డబ్బు కట్టే పద్ధతి గురించి ఈ పోలిక వ్యాసాల్లో అసలు కనిపించదు. మనకు అది చాలా ముఖ్యం. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం కార్డు మీద దానంతట అదే జరిగే చెల్లింపులకు ముందుగా ఇ-మ్యాండేట్ (మనం ఇచ్చే ముందస్తు అనుమతి) నమోదు కావాలి. అప్పట్లో 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడిగేవారు, 2022 జూన్‌లో ఆ హద్దును 15,000కు పెంచారు. ఈ ఏర్పాటులో చేరని విదేశీ కంపెనీకి మన కార్డు ఇచ్చి ఆటో రెన్యువల్ మీద నమ్మకం పెట్టుకుంటే, చెల్లింపు చప్పుడు లేకుండా విఫలమవుతుంది. హెచ్చరిక ఈమెయిల్ ఏ మూలకో పోతుంది. హోస్టింగ్ ఆగితే సైటు ఆగుతుంది, అది సర్దుకోగల నష్టమే. డొమైన్, అంటే సైటు పేరు, పోతే అసలు కష్టం. డాట్ కామ్ పేరు గడువు, ఆ తర్వాతి వెసులుబాటు రోజులు కూడా దాటితే 30 రోజులు రిడెంప్షన్‌లో (పాత యజమాని విడిపించుకునే గడువులో) ఉంటుంది. అప్పుడు తిరిగి తీసుకోవడానికి రుసుము బాగా ఎక్కువ. ఆ తర్వాత ఐదు రోజుల్లో పేరు ఎవరికైనా దొరుకుతుంది. కాబట్టి యూపీఐతో, రూపాయల్లో కట్టనిచ్చే కంపెనీకి నా లెక్కలో రెండు మార్కులు ఎక్కువ. గడువు తేదీని ఫోను క్యాలెండర్‌లో నేనే రాసుకుంటాను.

హోస్టింగ్‌తో పాటు ‘ఉచిత డొమైన్’ ఇస్తామంటే నేను తీసుకోను. డొమైన్ వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే సంస్థ) దగ్గర, నా పేరు మీద, నా ఈమెయిల్ మీద ఉంటుంది. అప్పుడు హోస్టింగ్ కంపెనీ ఏదైనా, నేమ్ సర్వర్లు (పేరు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేవి) మార్చుకుని బయటికి రావడం నా చేతిలో పని. ఇంత వెతికాక నాకు స్థిరపడిన అభిప్రాయం కూడా అదే: చేరడం ఎంత చవక అని చూసేకన్నా, వదిలి రావడం ఎంత సులువు అని చూడాలి.

వదిలి రావడంలో తెలుగు సైట్లకు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి, వాటి గురించి ఇంగ్లిషు వ్యాసాలు చెప్పవు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. పాత సైటు డేటాబేస్‌ను ఎగుమతి చేసేటప్పుడో కొత్తచోట దించేటప్పుడో అక్షరాల ఎన్‌కోడింగ్ తేడా వస్తే, వ్యాసమంతా ప్రశ్న గుర్తులైపోతుంది. అలా మారిన ప్రతిని మళ్లీ తెలుగు చేయలేం. డేటాబేస్ రెండుచోట్లా యూటీఎఫ్8ఎంబీ4 అనే ఎన్‌కోడింగ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఫొటో ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టవద్దు, జిప్ చేసి విప్పేటప్పుడు పేర్లు చెదిరిపోయే ప్రమాదం ఉంది.

పోస్టు చిరునామా సంగతి కూడా చెప్పాలి. తెలుగులో రాసిన చిరునామాలో ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాల సంకేతంగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ దాన్ని 200 దగ్గర కోసేస్తుంది. ‘ఛాయా సోమేశ్వరాలయం త్రికూటాలయం’ అని శీర్షిక పెడితే చిరునామా ‘త్రికూ’ దగ్గర తెగుతుంది. శీర్షిక తెలుగులో ఉండనివ్వండి, చిరునామా మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో పొట్టిగా మీరే రాయండి. వాట్సాప్‌లో పంపినప్పుడు కూడా శుభ్రంగా కనిపిస్తుంది.

చివరికి నేను హోస్టింగర్‌ను ఎంచుకున్నాను. లిథువేనియా కంపెనీ అయినా భారతదేశంలో సర్వర్ ఇస్తుంది, యూపీఐ తీసుకుంటుంది, లైట్‌స్పీడ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి, ఆ సాఫ్ట్‌వేర్‌వాళ్ల ఉచిత క్యాష్ ప్లగిన్ (తయారైన పేజీని దాచి ఉంచి వెంటనే ఇచ్చేది) పనిచేస్తుంది. లోపాలూ ఉన్నాయి. చాలామందికి అలవాటైన సీప్యానెల్ (హోస్టింగ్‌ను నడుపుకునే తెర) ఉండదు, వాళ్ల సొంత ప్యానెల్ వాడాలి. చవక పథకంలో బ్యాకప్ వారానికి ఒకసారే. నాసిక్‌లోని మైల్స్‌వెబ్ కూడా చివరి దాకా పోటీలో నిలిచింది. సీప్యానెల్ అలవాటున్నవాళ్లు దాన్ని తప్పక చూడాలి. 2019లో సీప్యానెల్ తన లైసెన్సు రుసుమును ఖాతాల లెక్కన మార్చినప్పటి నుంచి, అది ఇచ్చే కంపెనీల మీద భారం పెరుగుతూ వచ్చిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

కంపెనీ బ్యాకప్ ఎలా ఉన్నా, అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ప్లగిన్‌తో వారం వారం ఒక ప్రతి గూగుల్ డ్రైవ్‌కు, నెలకొకటి ఇంట్లో హార్డ్ డిస్కుకు చేరుతుంది. నేను ఫొటో తీసిన కొన్ని రాళ్లు ఇప్పుడు పొలం గట్ల కింద కప్పబడిపోయాయి. ఆ అక్షరాలకు మిగిలిన సాక్ష్యం ఈ ఫైళ్లే. వాటిని ఒక కంపెనీ సర్వర్ మీద మాత్రమే ఉంచడానికి నాకు మనసొప్పదు.

పుట్టపాకలో తేలియా రుమాళ్లు నేసే ఇంటి అబ్బాయి ఒకతను, “అక్కా, నేను కూడా అదే తీసుకోనా?” అని అడిగాడు. ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సొంత సైటులో నేరుగా అమ్మాలని అతని ఆశ. అతనికి వేరే జవాబు చెప్పాను. నా పేజీలు అందరికీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి క్యాష్ నుంచి వడ్డిస్తే సరిపోతుంది. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో అమ్మకాలకు వాడే ప్లగిన్) దుకాణంలో బుట్ట, చెల్లింపు పేజీలు ఒక్కో కొనుగోలుదారుకు ఒక్కోలా ఉంటాయి, వాటిని క్యాష్ చేయకూడదు. ప్రతిసారీ సర్వర్ పని చేయాలి. పండుగ ముందు పదిమంది ఒకేసారి కొనబోతే చవక పథకంలో ప్రాసెసర్ పరిమితి అడ్డొస్తుంది. “ముందు ఫొటోలు, ధరలు, వాట్సాప్ నంబరు ఉన్న మామూలు సైటు పెట్టు. నాలుగేళ్లకు ఒకేసారి కట్టవద్దు, ఒక్క ఏడాదికే కట్టు. ఆర్డర్లు పెరిగాక క్లౌడ్ పథకానికి మారుదువు గాని” అన్నాను. డొమైన్ మాత్రం ఆ రోజే నాన్న పేరు మీద, యూపీఐతో కొనిపించాను.