ఐదుకీ ఐదున్నరకీ మధ్య

జానకమ్మ తెలుగావిడ అని చెబితే మా రూములో ఎవరూ నమ్మలేదు.

దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో మా గదికి ఆరుగురం. రెండంతస్తుల మంచాలు మూడు, ఒక ఫ్రిజ్, తలుపు పక్కన ఆరు తాళాలున్న ఇనప బీరువా. నా కింది మంచం త్రిశూర్ అతనిది. ఎదురు మంచం మదురై డ్రైవరుది. వెళ్లిన మొదటి వారం ఒక రాత్రి ఎస్.జానకి పాట పెట్టుకుని పడుకుంటే త్రిశూర్ అతను లేచి కూర్చుని, "మా జానకియమ్మ పాటలు నీకెలా తెలుసు?" అని హిందీలో అడిగాడు. మీ జానకియమ్మ ఏంటి, మాది గుంటూరు, ఆవిడ పుట్టిందీ గుంటూరు జిల్లాలోనే అన్నాను. నవ్వాడు. మదురై అతను ఇంకా గట్టిగా నవ్వాడు. 1938లో రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారని ఫోన్లో తీసి చూపించాను. త్రిశూర్ అతను అటూ ఇటూ జరిపి చదివి, "పుట్టడం అక్కడ పుట్టారులే" అని ఫోను తిరిగిచ్చేశాడు.

ఈ పంచాయితీ అంతా ఆ రాత్రే విజయవాడకి పంపాను. నలభై సెకన్ల వాయిస్ మెసేజ్. జవాబు పన్నెండు సెకన్లు వచ్చింది, అందులో ఒక్క మాట లేదు. అంతా నవ్వే.

2019 మాఘమాసంలో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి విజయవాడలో జరిగింది. రాత్రి భోజనాల దగ్గర ఆర్కెస్ట్రా పెట్టారు. పాడే అమ్మాయికి ధైర్యం ఎక్కువలా ఉంది, 'నీ లీల పాడెద దేవా' ఎత్తుకుంది. 1962 నాటి 'మురిపించే మువ్వలు' పాట అది. తమిళ మాతృకకి నాదస్వరం వాయించింది కారుకురిచ్చి అరుణాచలం. నాదస్వరం ఎక్కడికి వెళ్తే గొంతు కూడా అక్కడికి వెళ్లాలి. ఇప్పటికీ పాటల పోటీల్లో పిల్లలు దాన్ని ముట్టుకోవాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఇక్కడేమో అసలు నాదస్వరం వాళ్లు మూడో బంతిలో కూర్చుని పులిహోర తింటున్నారు, వాళ్ల పని కీబోర్డు కుర్రాడు చేస్తున్నాడు. పల్లవి బాగానే నడిచింది. స్వరాల దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి మైకు జనం వైపు తిప్పి "అందరూ చప్పట్లు!" అంది.

నేను "అయ్యో" అన్నాను. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఇంకెవరో "అయ్యో" అన్నారు. అని, ఎవరా అని వెనక్కి తిరిగి చూశారు.

"స్వరాలు వదిలేస్తే ఇంక ఆ పాటెందుకండీ" అంది తను. అది నాతో మాట్లాడిన మొదటి మాట. పెళ్లికూతురి స్నేహితురాలు. సత్యనారాయణపురంలో ఇల్లు, దుర్గాపురంలో ఘంటసాల సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటోంది. జానకి గారికి చిన్నప్పుడు పాఠం చెప్పింది ఒక నాదస్వర విద్వాంసుడేనని, అందుకే ఆ గొంతు నాదస్వరానికి బెదరలేదని చెప్పింది. నిజంగా అందుకేనో కాదో నాకు తెలియదు. చెబుతుంటే మాత్రం అది తప్ప ఇంకో కారణం ఉండదనిపించింది. మంచి రికార్డింగు ఒకటి ఉంది, పంపిస్తానని నెంబరు తీసుకున్నాను. ఆ రికార్డింగు తన దగ్గర ముందే ఉందట. ఆ సంగతి మూడేళ్ల తర్వాత చెప్పింది.

అప్పటికే నాకు వీసా వచ్చేసింది. అంతకు ముందు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో అమోనియా ప్లాంటు ఆపరేటర్‌ని. మిరపకాయల్ని చల్లగా ఉంచే ఉద్యోగం. దుబాయ్‌లో ఇచ్చింది చిల్లర్ (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే మిషను) ఆపరేటర్ పని, అంటే మనుషుల్ని చల్లగా ఉంచే ఉద్యోగం. మిరపకాయలు ఫిర్యాదు చేయవు, అంతే తేడా. అక్కడి ఎత్తయిన మేడల గురించి ఊళ్లో అందరూ అడుగుతారు. వాటిని నేను చూసింది ఎక్కువగా కంపెనీ బస్సు కిటికీలోంచే. బేస్‌మెంటులు మాత్రం బాగా తెలుసు.

దిగిన రోజే తెలిసిన సంగతి ఏమిటంటే అక్కడ వాట్సాప్ కాల్ పనిచేయదు. మెసేజులు వెళ్తాయి, ఫొటోలు వెళ్తాయి, వాయిస్ మెసేజులు వెళ్తాయి. కాల్ మాత్రం కలవదు. డబ్బు కట్టి వాడుకునే యాప్ ఉండేది, నెలకు 50 దిర్హాములు, అప్పటి లెక్కలో దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు. నా జీతం 2,300 దిర్హాములు. ఒక నెల కట్టి చూశాను. ఇద్దరం బిగుసుకుపోయి "ఏం తిన్నారు", "మీరేం తిన్నారు" అనుకుని పెట్టేశాం. రెండో నెల కట్టలేదు. ఆ డబ్బులు మిగలడం కూడా మంచిదే అయింది, ఎందుకంటే వాయిస్ మెసేజ్‌లో తను వేరే మనిషి. పాడి వినిపించేది, ఆగేది, "ఉండండి, మళ్లీ పాడతా" అనేది. అటువైపు నేను లేను కాబట్టి సిగ్గు లేదు.

అలా ఒక పద్ధతి పడింది. రోజుకి ఒకరు ఒక పాట పంపాలి. జానకిదే అయి ఉండాలి. ఏ చోట విని ఆగిపోయామో నిమిషంలో చెప్పాలి. మేం కలిసేనాటికే ఆవిడ పాడటం మానేశారు. 2017 అక్టోబరులో మైసూరులో ఆఖరి కచేరీ కూడా అయిపోయింది. కొత్త పాట రాదు. ఉన్నవే తవ్వుకోవాలి, ఉన్నవి ఒక జన్మకి సరిపోవు. త్రిశూర్ అతను మలయాళం పాటలు ఇస్తే అవి విజయవాడకి పంపేవాణ్ణి. అర్థం తెలియకపోయినా తను స్వరం రాసుకుని పాడి తిరిగి పంపేది. అతనికి వినిపిస్తే ఒకసారి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత పల్లపట్ల గురించి వాదన మానేశాడు.

నాది నైట్ షిఫ్టు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. గంటకోసారి రీడింగులు. ఒక్కో చిల్లర్ చిన్న లారీ అంత ఉంటుంది. నీళ్లు బయటికి వెళ్లేటప్పుడు 5, 6 డిగ్రీలు, బిల్డింగంతా తిరిగొచ్చేటప్పటికి 12, 13. ఆయిల్ ప్రెషర్ ఎంత, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, అన్నీ లాగ్ షీటులో రాయాలి. చెవులకి మఫ్లు లేకుండా లోపల ఐదు నిమిషాలు ఉండలేం. ట్రాన్స్‌ఫార్మర్ గది పక్కన మెట్లున్నాయి, తలుపు వేసుకుంటే రొద తగ్గుతుంది. అక్కడ రాత్రి మూడు అయితే విజయవాడలో నాలుగున్నర. తను సాధనకి లేచే టైము. మూడింటి రీడింగు రాసేసి ఆ మెట్ల మీద కూర్చుని మాట్లాడేవాణ్ణి.

ఒకరోజు తన మెసేజ్: "మీ వెనకాల ఎవరో తంబూరా వేస్తున్నారేంటండీ?"

మళ్లీ విన్నాను. నా మాటల వెనక సన్నగా ఒక మోత. అది ట్రాన్స్‌ఫార్మర్ అన్నాను. "అది ఐదు శ్రుతికి పైన, ఐదున్నరకి కింద ఉంది. నాది ఐదున్నర. కొంచెం పెంచమనండి" అంది. పెంచితే దుబాయ్‌లో లైట్లు ఆరిపోతాయి అన్నాను. పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తే శ్రుతి, దాన్ని ఒకటి, ఒకటిన్నర, రెండు అని నెంబర్లతో చెబుతారు. తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కో తిరుగుడుకి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనప రేకులు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి, కాబట్టి మోత సెకనుకి 100 కంపనాలు. కింది స్థాయిలో ఐదు శ్రుతి 98, ఐదున్నర 104కి కాస్త తక్కువ. మీటరు లేకుండా, ఫోన్లో విని చెప్పింది. ఆ రోజు నుంచి నాకు తనంటే కొంచెం భయం కూడా మొదలైంది.

గొడవలు లేవని కాదు. ఒకసారి 'వెన్నెల్లో గోదారి అందం' పంపాను. 1984 'సితార' పాట, ఆవిడకి జాతీయ అవార్డు తెచ్చింది. వెన్నెల ఉంది, గోదారి ఉంది, అందం ఉంది, ఇంతకన్నా మంచి పాట ఏముంటుందని, "మీరే గుర్తొచ్చారు" అని కూడా చేర్చాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు, "ఆ పాట మొత్తం విన్నారా?" అంది. మొత్తం వింటే అది ఒంటరి ఆడదాని ఏడుపు. నేను పల్లవిలో మొదటి మూడు మాటల దగ్గరే ఆగిపోయిన మనిషిని. సారీ చెబితే, "పైగా కృష్ణ ఒడ్డు పిల్లకి గోదారి పాట" అంది. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కంగారులోనే "నువ్వు" అనేశాను. తను దాన్ని సరిదిద్దలేదు. తను మాత్రం ఇప్పటికీ "మీరు" అనే అంటుంది.

పాటలతో మాట్లాడుకోవడం అంటే వినడానికి బాగుంటుంది గానీ అది నమ్మదగిన భాష కాదు. మన మనసులో ఒకటి ఉంటుంది, పాట ఇంకోటి చెప్పేస్తుంది.

2020లో విమానాలు ఆగాయి. మా కంపెనీలో రెండు నెలలు జీతం ఆగింది. క్యాంపు గేటు దాటనివ్వలేదు. అప్పట్లో పంపిన మెసేజుల్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, ఎక్కువ భాగం అబద్ధాలే. బాగున్నాను, తిన్నాను, ఇక్కడ భయమేం లేదు అని. సెప్టెంబర్ 25న బాలు గారు పోయారు. మేం పంపుకున్న పాటల్లో సగానికి పైగా ఆయనతో కలిసి పాడినవే. ఆ రోజు వంతు తనది. ఒక నిమిషం పాటు ఉత్త తంబూరా శ్రుతి పంపింది. నేను పనిలో ఉన్నాను. మఫ్లు తీయకుండా, ఫోను మఫ్ లోపలికి దూర్చి విన్నాను.

వాళ్ల నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. సంగతి తెలిశాక ఆయన అడిగింది కులం గురించి కాదు, ఒకే ఒక్క ప్రశ్న: "పెళ్లయ్యాక అమ్మాయిని తీసుకెళ్లగలరా?" భార్యని తీసుకెళ్లాలంటే అక్కడ జీతం 4,000 దిర్హాములుండాలి, లేదా 3,000 ఉండి కంపెనీ ఇల్లివ్వాలి. క్యాంపులో పై మంచాన్ని ఎవరూ ఇల్లు అనరు కదా. "ఇప్పుడు కాదండీ" అన్నాను. ఆయన చాలాసేపు పేపరు మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. అబద్ధం చెప్పనందుకు ఒప్పుకున్నానని తర్వాత ఎవరితోనో అన్నారట. నిజానికి అబద్ధం చెప్పడానికి కూడా నాకు 1,700 దిర్హాములు తక్కువయ్యాయి.

పెళ్లి 2022 డిసెంబరులో జరిగింది. షార్జా నుంచి గన్నవరానికి నేరుగా విమానం అక్టోబరు ఆఖర్లోనే మొదలైంది, హైదరాబాదులో దిగి రాత్రంతా బస్సెక్కే బాధ తప్పింది. ఆర్కెస్ట్రా వద్దని ఇద్దరం ముందే చెప్పాం. నాదస్వరం వాళ్లకి మొదటి బంతిలోనే భోజనం పెట్టించాం.

తర్వాత వారం గుంటూరు నుంచి రేపల్లె పాసింజరెక్కి పల్లపట్ల వెళ్లాం. తెనాలి దాటాక అంతా కోత అయిపోయిన చేలు, అక్కడక్కడా వరి కుప్పలు, మోళ్ల మధ్య మినుము మొలకలు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. త్రిశూర్ అతనికి ఈ విషయం నేను చెప్పలేదు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన్ని, జానకి గారి ఊరు ఇదేనా అండీ అని అడిగాను.

"ఏ జానకి?"

"సినిమాల్లో పాడతారు కదండీ."

"ఓ, ఆవిడా. ఎప్పటి మాట బాబూ అది." టీ గ్లాసు కింద పెట్టి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. "మీరు యూట్యూబా?"

కాదన్నాం. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

రేపల్లె స్టేషన్‌లో తిరుగు బండికి గంట టైముంది. బండి అక్కడే ఆఖరు, అక్కడే మొదలు. ప్లాట్‌ఫారం మీద మేకలు తప్ప ఎవరూ లేరు. సిమెంటు బల్ల మీద కూర్చుని తను ఆ స్వరాలు పాడింది, పెళ్లిలో ఆ అమ్మాయి వదిలేసినవి. మొదటి నుంచి చివరి దాకా. జానకి గారు స్టేజీ మీద పాడేటప్పుడు ముఖం కదిలేది కాదు, చేయి ఊపేవారు కాదు, ఎదురుగా కాగితం చూస్తూ అలా నిలబడి పాడేసేవారు. తనూ అలాగే పాడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. మూడున్నరేళ్లు విన్నాను గానీ పాడుతుంటే చూడటం అదే మొదటిసారి.

ఇప్పుడు షిఫ్టు సూపర్‌వైజర్‌ని. జీతం 3,400. తను ఇంట్లో పిల్లలకి పాఠాలు చెబుతోంది, నా జీతం మీద పెద్ద నమ్మకం పెట్టుకున్నట్టు లేదు. మొన్న రాత్రి మూడింటికి మెట్ల మీద కూర్చుంటే ఒక మెసేజ్ వచ్చింది. పాట లేదు, మాట లేదు. ఉత్త మోత, మధ్యలో ఎక్కడో కుక్క మొరుగుడు. మా ప్లాంటుదే తిరిగి పంపిందేమో అనుకున్నాను. చివర్లో తన గొంతు: "మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్. ఇదీ ఐదున్నరకి తగ్గే ఉందండీ."

ఫోను స్పీకర్లో పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ గది తలుపుకి దగ్గరగా పట్టుకున్నాను. ఏది ఎక్కడిదో తెలియలేదు. నాలుగింటి రీడింగు నాలుగూ పదికి రాశాను.