గేజీ బాగుంది, రాకర్లకు ఆయిల్ లేదు

పర్లాకిమిడిలో మా అంబాసడర్ ఇంజిన్ మొత్తం విప్పించి కట్టించాం. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. బోరింగ్, పిస్టన్లు, బేరింగులు, కేమ్ బుష్‌లు (వాల్వులను కదిపే కేమ్ షాఫ్టు తిరిగే బుష్‌లు), ఆయిల్ పంపు అన్నీ కొత్తవే. 2014లో ఈ కారు తయారీ ఆగిపోయింది. గ్యాస్కెట్ సెట్టు కోసమే పాతపట్నం దాటి శ్రీకాకుళం దాకా వెళ్లాల్సి వచ్చింది. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నాకు చాలా టెన్షన్.

స్టార్టయిన వెంటనే ఆయిల్ లైటు, అంటే ఆయిల్ ప్రెజర్ లేకపోతే వెలిగే లైటు, ఆరింది. కానీ పైన టాపెట్ల టకటక తగ్గలేదు. ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేస్తే రాకర్లు (ఇంజిన్ పైన వాల్వులను నొక్కే చేతులు) పొడిగా ఉన్నాయి. ఇంజిన్ ఆపించేశాను.

"కొత్తగా కట్టింది కదా బాబూ, కాసేపు తిరిగితే సర్దుకుంటాది. లైటు ఆరిందంటే ఆయిల్ వస్తన్నట్టే" అన్నారు మేస్త్రి గారు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. ప్రెజర్ ఉండటం వేరు, ఆయిల్ చివరిదాకా చేరడం వేరు. లైటు స్విచ్‌కి తెలిసేది కింద బ్లాకులో ఉన్న ప్రెజర్ ఒక్కటే. పైకి వెళ్లే దారి మూసుకుపోయినా అక్కడ ప్రెజర్ తగ్గదు. పొడిగా తిరిగితే రాకర్ బుష్‌లు, రాకర్లు కూర్చునే షాఫ్టు అరిగిపోతాయి.

స్విచ్ తీసి, అక్కడ మెకానికల్ గేజీ బిగించాం. ప్లగ్గులు విప్పి, కాయిల్ వైరు తీసి, స్టార్టరుతోనే తిప్పాం. ముల్లు బాగానే లేచింది. అంటే పంపులో, దాని ముందుండే జల్లెడ (స్ట్రెయినర్)లో తప్పు లేదు. రాకర్లకు ఆయిల్ కేమ్ బుష్ మీదుగా, బ్లాకు, హెడ్ దాటి పైకి వెళ్తుంది. కాబట్టి మిగిలినవి మూడు: కేమ్ బుష్ రంధ్రం బ్లాకు రంధ్రానికి ఎదురుగా పడకపోవడం, హెడ్ గ్యాస్కెట్ దగ్గర సీలెంట్ అడ్డుపడటం, రాకర్ షాఫ్టు బిగింపులో తేడా. మొదటిదైతే ఇంజిన్ మళ్లీ దింపాలి. ఆ మాట అనుకుంటేనే గుండె జారింది.

అందుకే దారిని మధ్యలో తెంచి చూద్దామన్నాను. రాకర్ షాఫ్టు ఊడదీసి స్టార్టరు తిప్పితే, హెడ్ మీది రంధ్రంలోంచి ఆయిల్ రావాలి. వస్తే తప్పు పైన, రాకపోతే కింద. ఈ ఇంజిన్‌లో ఒక జాగ్రత్త ఉంది. రాకర్ షాఫ్టును హెడ్ మీద నిలబెట్టే స్టాండ్లను పట్టే నట్లలో కొన్ని హెడ్‌నీ పట్టి ఉంచుతాయి. అందుకని ముందు రేడియేటర్ నీళ్లు దించి, హెడ్ నట్లన్నీ వరసగా కొద్దికొద్దిగా వదులు చేశాకే షాఫ్టు తీశాం.

స్టార్టరు తిప్పగానే ఆ రంధ్రంలోంచి ఆయిల్ విడతలు విడతలుగా ఉబికింది. బ్లాకు, గ్యాస్కెట్, కేమ్ బుష్ అన్నీ బాగున్నట్టే. మేస్త్రి గారి ముఖంలోనూ బరువు దిగింది.

స్టాండ్లు చేతిలోకి తీసుకుంటే సంగతి తెలిసింది. ఆయిల్ దారి ఉండేది ఒక్క స్టాండులోనే. కడిగి మళ్లీ ఎక్కించినప్పుడు అది వేరే చోటికి పోయింది. హెడ్ రంధ్రం మీద దారి లేని స్టాండు కూర్చుంది. షాఫ్టులోకి కిరోసిన్ పోసి గాలి కొట్టాం, స్టాండ్లు సరైన వరసలో ఎక్కించాం. హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి, టార్క్ రెంచితో బిగించి, టాపెట్ గ్యాపులు (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు) పెట్టాం.

ప్లగ్గులు పెట్టకముందే మరోసారి తిప్పించాను. ఒక్కో రాకర్ దగ్గరా ఆయిల్ ఊరింది, చివరిదాని దగ్గర కాస్త ఆలస్యంగా. అది కళ్లారా చూశాకే నీళ్లు పోసి, ప్లగ్గులు బిగించి, స్టార్ట్ చేయనిచ్చాను. 500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, హెడ్ నట్లు, గ్యాపులు మళ్లీ చూడాలి.