జ్వరం తగ్గాకే అసలు డెంగీ చూశాను

ఐదో రోజు పొద్దున థర్మామీటర్ 98.6 చూపించింది. నాలుగు రోజులు 103 దగ్గర కాగిన ఒళ్ళు చల్లబడేసరికి గండం గడిచిందనుకున్నాం. అన్నయ్య డిశ్చార్జి మాట ఎత్తగానే డాక్టరు గారు ఆపేశారు. "డెంగీలో జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే మాకు ముఖ్యం. ఇంకో 48 గంటలు పంపించం" అన్నారు.

అప్పటిదాకా నా ధ్యాసంతా ప్లేట్‌లెట్ల మీదే. 62 వేలు, 41 వేలు అని లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడేదాన్ని. ఆయన మాత్రం రిపోర్టులో ముందు పీసీవీ చూసేవారు. రక్తంలో ఎర్రకణాల వాటా అది. మూడో రోజు 38 ఉన్నది ఐదో రోజు మధ్యాహ్నానికి 46 అయింది. ఎర్రకణాలు పెరిగి కాదు, రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి పోయి రక్తం చిక్కబడుతోందట. ఆ అంకె 20 శాతం పెరిగితే లీకు బాగా ఉన్నట్టే.

రక్తనాళాల లోపలి గోడను కప్పుతూ జిగురులాంటి పలుచని పొర ఉంటుంది. డెంగీ వైరస్ తయారుచేసే ఎన్ఎస్1 ప్రోటీన్ ఆ పొరను దెబ్బతీస్తుంది. నాకు డెంగీ అని తేల్చిన మొదటి పరీక్షలో వెతికింది ఈ ప్రోటీన్‌నే. వైరస్ మీద మన ఒంట్లో రేగే రియాక్షన్ కూడా ఆ పొరకు చేటు చేస్తుంది. నాళం ఎక్కడా చిట్లకుండానే ప్లాస్మా బయటికి ఊరిపోతుంది. స్కానింగ్‌లో నా కుడి ఊపిరితిత్తి చుట్టూ, పొట్టలో నీరు కనిపించింది. కొన్నేళ్ళ కిందట నాకు ఒకసారి డెంగీ వచ్చింది. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయని, రెండోసారి వేరే రకం సోకితే తీవ్రం అయ్యే ప్రమాదం ఎక్కువని ఆసుపత్రిలోనే తెలిసింది.

ఆ రాత్రి బీపీ 100/80. "బాగానే ఉంది కదా సిస్టర్" అన్నాడు అన్నయ్య. ఆవిడ నా అరిచేతులు పట్టుకుని చూసి, మాట్లాడకుండా డాక్టరుకు ఫోన్ చేసింది. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా 20కి పడిపోయిందంటే షాక్ మొదలైనట్టే. పై అంకె పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. నా చేతులు, పాదాలు మంచులా ఉన్నాయి. సెలైన్ వేగం పెంచారు, మళ్ళీ మళ్ళీ పీసీవీ తీసి తగ్గించారు. ఎందుకంత కొలిచి ఎక్కిస్తున్నారో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు.

ఏడో రోజు అర్థమైంది. ఆకలి వేసింది, మూత్రం ధారాళంగా వచ్చింది. బయటికి కారిన నీరంతా తిరిగి నాళాల్లోకి చేరే దశ అది. అప్పుడు కూడా సెలైన్ ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. సెలైన్ ఆపేశారు. ఆ సాయంత్రమే మానిటర్ మోగడం మొదలైంది. పల్స్ 46.

కోలుకునేటప్పుడు గుండె నెమ్మదించడం డెంగీలో తరచుగా కనిపించేదేనని, చాలామందికి దానంతటదే సర్దుకుంటుందని డ్యూటీ డాక్టరు చెప్పారు. కానీ నాకు కొద్దిగా ఆయాసం కూడా ఉండటంతో ఈసీజీ, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష, గుండె స్కానింగ్ అయిన ఎకో చేయించారు. ట్రోపోనిన్ కాస్త పెరిగింది. గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం 55 శాతం పైన ఉండాల్సింది, నాకు 48 ఉంది.

"గుండెపోటా?" అని అడిగేటప్పుడు నా గొంతు వణికింది.

"కాదమ్మా. గుండె కండరానికి వాపు. మయోకార్డైటిస్ అంటాం. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోవడం వేరు, ఇది వేరు" అన్నారు. ఆ ఒక్క మాటకే సగం ప్రాణం తిరిగి వచ్చింది. ఒళ్ళునొప్పులకు ఐబుప్రోఫెన్ ఇవ్వమని మొదటి రోజుల్లో ఎంత అడిగినా ఇవ్వని డాక్టరు ఆయనే. రక్తస్రావం భయంతో పారాసిటమాల్ తప్ప ఏదీ ముట్టనివ్వలేదు.

రెండు రోజులకు పల్స్ 60 దాటింది, ఇంటికి పంపారు. మూడు నెలలు పరుగులు, బరువులు మోయడం వద్దన్నారు. మొదటి వారాలు స్నానం చేసి వచ్చినా కూర్చుండిపోయేదాన్ని. ప్లేట్‌లెట్లు ఎప్పుడో లక్షన్నర దాటాయి, ఒంట్లో మాత్రం శక్తి లేదు.

ఆరు వారాల తర్వాత మళ్ళీ ఎకో తీశారు. చీకటి గదిలో పక్కకు తిరిగి పడుకుని, స్క్రీన్ మీద నా గుండె మూసుకుని తెరుచుకోవడం చూస్తూ ఉన్నాను. "60 ఉందమ్మా" అన్నారు. బయట కూర్చున్న అన్నయ్యకు చెప్పబోతే మాట రాక, వేళ్ళతో చూపించాను.