కోవళం రాళ్ల మీద వల

బందరులో పుట్టినదాన్ని కాబట్టి సముద్రం నాకు కొత్త కాదు. దాని లోపలికి దిగాలనిపించింది మాత్రం చెన్నై వచ్చాకే. 2025 జనవరిలో ఇక్కడి తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వందల కొద్దీ చచ్చి కొట్టుకొచ్చాయి. నీలాంగరై ఒడ్డున ఒక్క పొద్దున్నే నాలుగింటిని చూశాను. తాబేలు మనలాగే గాలి పీల్చాలి. వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. తెగి అడుగున పడిపోయిన నైలాన్ వలనైతే లాగేవాళ్లెవరూ ఉండరు, అయినా అది చేపల్ని పట్టడం మానదు. అలాంటి వలలు తీసే స్కూబా వాలంటీర్లు, అంటే గాలి సిలిండరుతో నీళ్ల లోపలికి దిగేవాళ్లు, ఉన్నారని తెలిసి ఫోన్ చేశాను.

"ముందు డైవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోండి" అన్నారు.

ఆరోగ్యం ఫారంలో సైనస్ ఉందని నిజం రాశాను. దాంతో చెవి, ముక్కు డాక్టరు సంతకం కావాల్సి వచ్చి రెండు వారాలు పోయాయి. పూల్‌లో 200 మీటర్లు ఈత, పది నిమిషాలు తేలడం, తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ దిగకపోతే చెవులు భరించలేవు. మొదటిసారి మూడు మీటర్ల దగ్గరే ఆగిపోయాను. అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం, ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు.

సర్టిఫికెట్ వచ్చింది, 18 మీటర్ల వరకు దిగొచ్చు. అయినా కత్తెర ఇవ్వలేదు. రెండు డైవ్‌లు ఊరికే సముద్రం నేలకు రెండడుగుల ఎత్తులో కదలకుండా తేలుతూ నిలబడమన్నారు. ఊపిరి పీలిస్తే కాస్త లేస్తాం, వదిలితే దిగుతాం. చేతులు ఆడించకుండా ఊపిరితోనే నిలబడాలి. అప్పుడు విసుగొచ్చింది గానీ, ఎందుకో తర్వాత తెలిసింది. కాళ్లకు తొడుక్కునే ఫిన్ ఒక్కసారి నేలను తాకితే బురద లేచి పక్కనున్న మనిషి కూడా కనిపించడు. ఆ మసకలో వల చుట్టుకుంటే ఇక తాబేలు గతే మనదీ.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం చెన్నై దగ్గరి కోవళం నుంచి పడవలో వెళ్లాం. నా జోడీ శ్రీకాకుళం కుర్రాడు. "అక్కా, నువ్వు కొయ్యి, నేను చూసుకుంటా" అన్నాడు. ఒకరు కోస్తుంటే రెండోవాళ్లు సంచీ పట్టుకుని, వల ఎటు ఊగుతోందో కనిపెట్టాలి. పన్నెండు మీటర్ల లోతున రాళ్లకు పట్టేసిన వలలో నాలుగు పీతలు బతికే ఉన్నాయి. ముందు వాటి కాళ్ల చుట్టూ దారాలు కోశాను. ఒక్కో పీతకీ చాలా సేపు పట్టింది. కోసిన ముక్కల్ని లిఫ్ట్ బ్యాగ్‌కు కట్టి, దాన్లోకి గాలి నింపి పైకి పంపాం. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చెప్పే గేజ్ 70 బార్ చూపగానే ఆపేశాం. పైకొచ్చే దారిలో ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాం.

ఒడ్డున అన్నీ విడదీసి లెక్క రాశాం: వల ముక్కలు, తాళ్లు, సీసం గుండ్లు, షాంపూ ప్యాకెట్లు. పడవ నడిపిన పెద్దాయన వల అంచు వేళ్లతో తడిమి చూశారు. "కావాలని ఎవరు పడేస్తారమ్మా? రాయి పట్టేస్తే తాడు కోసుకుని రావాల్సిందే. వల పోయిన రోజు ఇంట్లో అన్నం సయించదు" అన్నారు తమిళంలో. వలలు పారేసినవాళ్ల మీద నాకున్న కోపం ఆ మాటతో పోయింది. అప్పటినుంచి వల ఎక్కడ పోయిందో ఆయనే మాకు చెబుతున్నారు.

ఆ వలలో ఒక మూల మాత్రం తీయలేదు. దాని మీద మెత్తటి పగడాలు పెరిగిపోయాయి. లాగితే అవీ ఊడొస్తాయి. చుట్టూ వేలాడుతున్న దారాలు కత్తిరించి, ఆ భాగాన్ని రాయికే వదిలేశాం.